గూడున్న ఇల్లు కావాలి

బస వెతుక్కునేవాళ్ళు మామూలుగా మంచం ఉందా, ఫ్యాను ఉందా, నీళ్ళు వస్తాయా అని అడుగుతారు. మా అక్క నడక కోసం నేను విరుదునగర్ నుంచి ఒట్టపిడారం దాకా స్కూటరు మీద ఊరూరా తిరిగి, "మీ ఇంటి గోడలో దీపం పెట్టే గూడు ఉందా?" అని అడిగాను. కొందరు నన్ను పాత సామాన్లు కొనేవాడనుకున్నారు. ఒకాయన ఇల్లు అమ్మడం లేదని చెప్పి తలుపు వేసుకున్నాడు.

మొక్కు మా అమ్మది. చిన్నప్పుడు అక్కకు పెద్ద జ్వరం వస్తే, తగ్గితే సముద్రం ఒడ్డున ఉన్న తిరుచెందూరు గుడికి నడిచి వస్తానని అనుకుందట. జ్వరం తగ్గింది. అమ్మ మాత్రం నడవలేదు. ఒక ఏడు విత్తనాలు అడ్డం వచ్చాయి, ఒక ఏడు కోతలు, ఒక ఏడు ఆవు ఈనింది. అలాగే పోయింది. తన కోసం మొక్కిన మొక్కు తానే తీరుస్తానని అక్క అరవై దాటాక పట్టుబట్టింది. అందరూ నడిచే నెలల్లో మాత్రం వద్దంది. అప్పుడైతే దారి పొడవునా పందిళ్ళు, మజ్జిగ, అన్నం, పడుకోవడానికి మండపాలు ఉంటాయి. మైకులూ ఉంటాయి.

"నేను సామి పేరు మెల్లగా చెప్పుకుంటే మైకు వచ్చి మింగేస్తాది," అంది.

పురట్టాసి అనే అరవ నెలలో, వానలు రాకముందు, మనమిద్దరమే పోదామని తేల్చింది. ఆ రోజుల్లో దారిలో పందిరి ఉండదు, పలకరించే గుంపు ఉండదు. బస మనమే చూసుకోవాలి.

ఇక దీపం సంగతి. మా ఇంట్లో పొద్దుగూకాక గోడ గూట్లో దీపం పెట్టిన తర్వాతే అన్నం. దీపాన్ని నేల మీద పెట్టకూడదు, గాలికి వదలకూడదు, గోడలో కూర్చోబెట్టాలి. ఇది అమ్మ పద్ధతి. నేను ఎప్పుడో వదిలేశాను. అక్క వదల్లేదు. విరుదునగర్‌కు కాపురానికి వెళ్ళాక కూడా దీపం పెట్టకుండా రాత్రి ముద్ద ముట్టింది లేదు. కానీ ఇప్పుడు ఆమెకు షుగరు. రాత్రి తినకపోతే తెల్లారేసరికి కళ్ళు తిరుగుతాయి. అందుకని మిరపకాయల మండీలో పనిచేసే వాళ్ళబ్బాయి నాకు ఒక షరతు పెట్టాడు.

"మామా, అమ్మ ఒగ రాత్రి తినలేదని తెలిస్తే నేను కారు వేసుకుని వచ్చేస్తా. ఆడ్నించి నేరుగా ఇంటికే. మళ్ళీ నడక అనే మాట లేదు. దినమూ రాత్రి నాకు ఫోను చెయ్యాల. అబద్దం చెప్పగూడదు."

"పేపరోళ్ళు అబద్దం చెప్పరురా," అన్నాను.

"అందుకే గదా సత్యం చెయ్యమంటా ఉండేది," అన్నాడు.

గూడు లేకపోతే దీపం లేదు, దీపం లేకపోతే అన్నం లేదు, అన్నం లేకపోతే నడక లేదు. ఇది సరిగా అర్థం కాకముందు నేనొక పథకం వేశాను. పత్రికలో ఏళ్ళ తరబడి పనిచేసిన అలవాటు. ఎక్కడ టీ దొరుకుతుంది, ఎక్కడ బస్సు ఆగుతుంది, ఎక్కడ ఆసుపత్రి ఉంది, రోజుకు ఎంత దూరం, అన్నీ రాసి చదివి వినిపించాను. అక్క చిక్కుడుకాయలు గిల్లుతూ చివరిదాకా వింది.

"బాగుండాది. నీవు ఒగడివే పో. ఈ ఊర్లో మనం పడుకునేది యాడ?"

"కల్యాణ మండపం ఉంది."

"మండపంలో గూడుండాదా?"

అడిగి చూశాను. మండపం మేనేజరు ఏసీ గది తెరిచి చూపించాడు. గూడు అన్నది ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. కావాలంటే సీరియల్ లైట్లు వేస్తామని, అవి గాలికి ఆరవని అరవంలో నాకు ధైర్యం చెప్పాడు.

ఆ రోజు నుంచి నేను ఇళ్ళను వేరేగా చూడడం నేర్చుకున్నాను. కొత్త గోడలన్నీ నున్నగా ఉన్నాయి. స్విచ్చి బోర్డుకు చోటుంది, దీపానికి లేదు. గూడున్న ఇల్లు అంటే పాత ఇల్లు, అందులో వయసైన మనిషి, ఆ మనిషిని ఒప్పించడానికి రెండు లోటాల కాఫీ. కోవిల్‌పట్టిలో నేను ఉంటున్న అద్దె ఇల్లు పాతదే. అందులో గూడుందని అప్పుడే గమనించాను. తాళాలు, మాత్రలు, కాలం చెల్లిన కళ్ళజోడు తీసేసి కడిగాను. సాత్తూరు పక్కన ఒక క్రైస్తవుల ఇంట్లో గూట్లో బైబిల్ ఉంది. అగ్గిపెట్టెల కంపెనీకి పోయే ఆ ఇంటి ముసలావిడ మనలాగే తెలుగు మాట్లాడుతుంది. బైబిల్ తీసి మంచం మీద పెట్టి, "పెట్టుకోమను. మసి మాత్రం పొద్దున మీ అక్కే తుడిచి పోవాల," అంది. కోవిల్‌పట్టి దాటాక రెండు రాత్రులకు, ఒట్టపిడారం తర్వాతి రాత్రులకు దూరపు చుట్టాలు దొరికారు.

చిక్కంతా ఒట్టపిడారం దగ్గర వచ్చింది. అక్కడ ఒక నల్లరేగడి ఊళ్ళో అక్క స్నేహితురాలు ఉంది. పెళ్ళిళ్ళు కాకముందు ఇద్దరూ కోవిల్‌పట్టిలో పక్కపక్కన కూర్చుని అగ్గిపెట్టెల్లో పుల్లలు నింపినవాళ్ళు. ఫోనులో ఆమె అక్కకు మాట ఇచ్చింది: "గూడుకేం తక్కువ? మా మామ కట్టిన గోడ. గూట్లో పిల్లి పడుకునేంత చోటుండాది."

నేను వెళ్ళి చూసేసరికి ఆ గోడ లేదు. మామ కట్టిన ఇల్లు పడగొట్టి కొడుకు కొత్తది కట్టాడు. వసారా నిండా నడుమెత్తు టైల్సు, ముందు ఇనుప గ్రిల్లు. ఆమె నన్ను గడ్డివామి చాటుకు తీసుకుపోయింది.

"తమ్ముడా, అక్కకు చెప్పగాకు. గూడు లేదంటే అది వేరే దారి పట్టుకుని పోతాది. దాని మొగం చూసి ఎన్నేండ్లాయెనో."

"మరి ఆ రోజు ఏం చేస్తావు?"

"కొత్తనార్ని పిలిచి గోడ కొట్టిస్తా."

కొత్తనార్ అంటే అక్కడ తాపీ మేస్త్రీ. ఆ మాట లోపల గిన్నెలు తోముతున్న కోడలి చెవిన పడింది.

"అత్తా, ఒగ టైలు పగిలితే ఒగటితో పొయ్యేది గాదు. వరసంతా పోతాది. మీ కొడుకు మనిద్దర్నీ కలిపి బయటికి పంపిస్తాడు."

"నీవు ఊరుకో. దీపం పెట్టేది తెలీదు గానీ టైల్సు తుడిచేది మాత్రం పొద్దస్తమానం."

"తుడవకుంటే దానికీ మీరే గదా అనేది."

ఆ ఊళ్ళో ఇంకెక్కడైనా గూడు దొరుకుతుందేమోనని చూశాను. మిగిలిన పాత ఇళ్ళకు తాళాలు. వాళ్ళంతా తూత్తుకుడికి పనికి పోయారు. ఈ ఊరు వదిలి గూడున్న తర్వాతి ఇంటిదాకా అక్క ఒక రోజులో నడవలేదు. తిరిగి వచ్చి అక్కతో, "ఇల్లు బాగుంది," అన్నాను. ఇల్లు నిజంగానే బాగుంది.

పురట్టాసిలో బయలుదేరాం. అక్క సంచిలో ఒక చీర, ఇత్తడి దీపం, దగ్గు మందు సీసాలో నూనె. పెద్ద రోడ్డు వదిలి ఊళ్ళ మధ్య దారులు పట్టాం. దున్నిన రేగడి వాన కోసం నోరు తెరుచుకుని ఉంది. దూరాన గాలిమరలు తిరుగుతున్నాయి. అక్క వాటిని చూసి, "ఇంత గాలిలో నా దీపం నిలబడాల," అనేది. బస్సులు మా పక్కన నెమ్మదించేవి, కండక్టర్లు ఎక్కమని పిలిచేవాళ్ళు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపేది. పాంచాలంకురిచ్చి కోట చూసి వస్తున్న బడిపిల్లల బస్సు ఎదురైతే మాత్రం ఆగి, చివరి కిటికీ దాటిపోయేదాకా చెయ్యి ఊపింది. దినమూ సాయంత్రం గూడు, దీపం, అన్నం. తర్వాత మేనల్లుడికి నా ఫోను. మైకు లేని దారిలో ఆమె నోట్లో మాట నాకు కూడా వినబడేది కాదు, పెదవులు కదలడమే కనిపించేది.

స్నేహితురాలి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమె గ్రిల్లు తెరుచుకుని వీధిలోకి వచ్చేసింది.

"ఏమే, ఇట్ల ఎండిపొయినావు?"

"నీవు ఊరినావు గదా. ఇద్దర్నీ కలిపి పంచితే సరిపోతాది," అంది అక్క.

చేతులు పట్టుకుని ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు. కాళ్ళు కడుక్కున్నాక అక్క సంచిలోంచి దీపం తీసి గోడ వైపు చూసింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"గూడేదే?"

స్నేహితురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉదయం మేస్త్రీ వచ్చాడట. గోడ తట్టి చూసి, టైల్సు నిలవవని చెప్పి వెళ్ళిపోయాడట. ఆ మాట అప్పుడు చెప్పింది.

అక్క నా వైపు తిరిగింది. "నీకు తెల్సునా?"

"తెలుసు."

"సరి," అని మెట్టు మీద కూర్చుని దీపం ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఆకలి లేదు. మీరు తినండి."

లోపలి నుంచి సొరకాయ పులుసు వాసన వస్తోంది. గాలి గ్రిల్లును కొడుతోంది. నా జేబులో ఫోను మోగింది. మేనల్లుడు.

"మామా, అమ్మ తినిందా?"

"ఇంకా లేదు."

"ఎందుకు?"

ఇంతలో కోడలు మా పక్క నుంచి దాటుకుని తలుపు దగ్గరకు వెళ్ళింది. అక్కడ టైల్సుకు పైన గోడలో ఒక చిన్న రేకు తలుపు ఉంది. నేను ముందు వచ్చినప్పుడు కరెంటు మీటరని పట్టించుకోలేదు. ఆమె దాన్ని తెరిచి, లోపలి తాళంచెవులు, మోటారు స్పానరు, ఎండిపోయిన ఫెవికాల్ డబ్బా తీసి కింద పెట్టి, కొంగుతో తుడిచింది.

"పెద్దత్తా, ఇది ఆవుతాదా చూడండి. రేపు మేడ కడితే రెండో మీటరు పెట్టేదానికని గోడలో వదిలినాము. వయరు రాలేదు, ఏమీ లేదు. కాళీగా ఉండాది."

అక్క లేచి లోపల చెయ్యి పెట్టింది. మూడు వైపులూ తడిమింది, పైన తడిమింది.

"లోతు బాగుండాది," అంది.

"దినమూ దాంట్లోనే గదే నేను తాళం పెట్టేది," అంది స్నేహితురాలు.

"మీకు కొత్తనార్ తప్ప ఏమీ కనపడలేదు అత్తా," అంది కోడలు.

ఫోనులో మేనల్లుడు ఇంకా ఉన్నాడు. "మామా, ఏం జరగతా ఉండాది?"

"వత్తి వేస్తోంది. ఆగు."

దీపం వెలిగింది. గాలి వచ్చినప్పుడల్లా కోడలు రేకు తలుపును సగం మూసింది. మంట ఒకసారి వంగి లేచి, నిలబడింది. అక్క కాసేపు చూసి, "అమ్మ గూటికి తలుపు లేదు. ఇదే మేలు," అని లోపలికి పోయి పీట వేసుకుంది. పులుసు రెండోసారి అడిగి వేయించుకుంది. ఆమె నమిలే చప్పుడు మేనల్లుడికి వినిపించి ఫోను పెట్టేశాను.

పొద్దున మేం బయలుదేరేటప్పుడు ఆ గూటి పైభాగంలో వేలెడు మసి ఉంది. అక్క తుడవబోతే కోడలు, "ఉండనీండి," అంది.

తిరుచెందూరు చేరాం. అక్క సముద్రంలో మోకాళ్ళ దాకా దిగి అమ్మతో ఏదో చెప్పింది. అది నేను వినలేదు.

ఈ మధ్య ఒట్టపిడారం వైపు పని పడి ఆ ఇంటికి వెళ్ళాను. మేడ లేచింది. రెండో మీటరు మెట్ల కింద, దూరంగా, పొడుగాటి వయరుతో ఉంది. వదిలిన చోటు వదిలి ఇంత దూరం ఎందుకు లాగారని అడిగాను.

"కరెంటాయన గూడా అట్లనే గొణిగినాడు," అంది కోడలు రేకు తలుపు తెరుస్తూ. "ఆ చోటు కాళీ లేదని చెప్పినా."