మూరెడు పాత పడుగు

మా పక్కింటి మామ్మ పోయింది. దిగపహండి నుంచి ఆమె కూతురు, నేను అత్తా అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కంప్యూటర్ ముందు ఖాళీ తెర చూస్తూ కూర్చుని ఉన్నాను. "పొద్దున్న కాఫీ తాగింది. తరవాత పిలిస్తే పలకనేదు," అంది అత్త. మామ్మ గురించి రాసేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి నేను రాస్తున్నాను.

బరంపురంలో మాది పట్టుచీరలు నేసే వీధి. మాకు మగ్గం లేదు, నాన్నది పప్పుల దుకాణం. మామ్మకు ఆ వీధిలో ఒకటే పని, పోగులు అతకడం. చీరలు నేయడం అయిపోవచ్చినప్పుడు పాత పడుగును, అంటే నిలువు పోగులను, మగ్గం మీంచి పూర్తిగా తీసెయ్యరు. మూరెడు ఉంచి, దాని ఒక్కో పోగుకూ కొత్త పడుగులో ఒక్కో పోగు కలుపుతారు. వేలకొద్దీ పోగులు. మామ్మ బొటనవేలికి బూడిద రాసుకుని, రెండు కొసలనూ కలిపి ఒక్కసారి నులిమేది. ముడి ఉండదు. అయినా ఊడదు. సెలవుల్లో ఆమె బూడిద డబ్బా మోసుకుంటూ నేనూ ఆ ఇళ్ళకు వెళ్ళి, పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఇద్దరం గంటలకొద్దీ మాట్లాడుకోకుండా ఉండగలిగేవాళ్ళం. నాకు అలాంటి మనిషి ఇంకెవరూ లేరు.

నులిమి నులిమి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ కొట్లో వేలిముద్ర మిషన్ ఆమె వేలిని ఒప్పుకునేది కాదు.

"నాను నానేనని దానికెలగ సెప్పీదే? నువ్వు ఇంగ్లీషులో సెప్పి సూడు," అని నవ్వేది.

నేను చేసే పని ఆమెకు మా కిటికీలోంచి కనిపించేది. ఒక చిన్న లెక్కకు అంకెలు ఇచ్చి, వచ్చిన జవాబునే మళ్ళీ మళ్ళీ దానికి ఇస్తూ పోతే కంప్యూటర్ గీసే బొమ్మలు. వాటిని ఫ్రాక్టల్ అంటారు. ఎంత లోపలికి వెళ్ళినా అంచులో మళ్ళీ అంచు.

"లోపలికెల్తే మల్లీ అదే లేసు! దీనికి కొస నేదేటే?"

"లేదు మామ్మా."

"కొస నేకపోతే ఇంక నాకు పనేటి?"

నాకు బాగా నచ్చిన మొదటి బొమ్మను అచ్చు తీయించి ఆమెకే ఇచ్చాను. వెనక దాని అంకెలు పెన్సిలుతో రాశాను.

కిందటేడు బొమ్మలు రావడం ఆగిపోయింది. ఏ అంకె ఇచ్చినా అంతకుముందు చూసిందే వచ్చేది. కాన్వెంటులో సిస్టర్లు ఒక్క తప్పు పడితే పేజీ చించి కొత్తది మొదలుపెట్టమనేవారు. ఆ అలవాటుతోనే ఒక మధ్యాహ్నం బొమ్మలన్నిటినీ అంకెలతో సహా చెరిపేశాను. ఆ తర్వాత అసలేమీ రాలేదు.

మామ్మకు చెప్పాను.

"ఓలమ్మ! అన్నీ సెరిపీసినావేటే? మూరెడైనా ఉంచుకోవాల గదే. ఉత్త మగ్గానికి ఎవులైనా ఏటి అతుకుతారు?" అని కసిరి, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "సరే, మల్లీ ఒకటి సెయ్యి. కల్లు పూర్తిగా పోకముందు సూస్తాను."

చేస్తానన్నాను.

చలికాలంలో చూపు బాగా తగ్గి, కూతురింటికి దిగపహండి వెళ్ళిపోయింది. దగ్గరే, బస్సెక్కితే చాలు. ఖాళీ చేతులతో ఎలా వెళ్ళనని నేను వెళ్ళలేదు. ఫోన్లో అడిగేది.

"అయిందేటి?"

"ఇంకా లేదు మామ్మా."

"హఉ," అనేది, ఒడియాలో సరేనని. "అయితే నువ్వొక్కర్తివీ రా. టిక్కెట్టు ఒకటే అవుతాది."

వెళ్ళలేదు.

ఆమె పోయిన పదో రోజున వెళ్ళాను. అత్త బూడిద డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మంది. ఆ గుంట ఒస్తాది, సిగ్గు తగ్గినాక ఒస్తాది, అనీది."

ఇంటికి వచ్చి మూత తీశాను. బూడిద ఒలకకుండా పైన మడిచి పెట్టిన కాగితం నా బొమ్మే. వెనక నా అంకెలు. చివరి రెండిటి మీద ఆమె బొటనవేలి మరక. గీతలేమీ లేవు, నున్నగా, బూడిదరంగు గుడ్డులా ఉంది. రబ్బరుతో తుడిస్తే పెన్సిలు కూడా పోతుంది. తుడవలేదు.

కనిపిస్తున్న అంకెలు ఉన్నవి ఉన్నట్టు కొట్టాను. మరక మీద ఒక్కసారి వేలు ఆనించి, ఆ వేలితోనే చివరి రెండూ నాకు తోచినవి కొట్టాను. కాసేపటికి బొమ్మ వచ్చింది. అంచు చాలా దూరం పాతదే. తర్వాత ఎక్కడో, నేనెప్పుడూ చూడని వైపుకు తిరిగింది. ఎక్కడ అతికిందో ఎంత లోపలికి వెళ్ళి వెతికినా కనబడలేదు.

తెరను కిటికీ వైపు తిప్పి పెట్టాను. పక్కింటి అరుగు మీద ఎండ పడుతోంది. ఎవరూ లేరు. కీబోర్డు మీద రెండు అంకెలకు బూడిద అంటుకుని ఉంది.