మా వదిన తూకం

మనుషులు పోయాక వాళ్ళ గురించి మంచిమాటలు రాయడం నాకు నచ్చదు. వినాల్సినవాళ్ళు వినరు, తిట్టాల్సినవాళ్ళు తిట్టరు. మా వదిన నిక్షేపంలా ఉంది. ఈ పూట కూడా వరండాలో కూర్చుని నా మీద విసుక్కుంటోంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వదినది కార్ల సీట్లకు కవర్లు కుట్టే పని. మెకానిక్ షెడ్డు పక్కన చిన్న రేకుల గది, అందులో నల్లటి పెద్ద మిషను, గోడ పొడుగునా రెక్సిన్ చుట్టలు. తలుపు తీస్తే కొత్త చెప్పుల కొట్టు వాసన వస్తుంది. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి కాబట్టి, వచ్చినవాళ్ళతో "ఊఁ", "ఊఁహూఁ" తప్ప మాట్లాడదు. అక్కడ మిగిలిన మాటలన్నీ ఇంటికి పట్టుకొస్తుంది. మా అన్నయ్య బస్సు డ్రైవరు. "రోజంతా ఒక హారన్, ఇంటికొస్తే ఇంకో హారన్" అంటాడు, ఆవిడకు వినపడనంత దూరం వెళ్ళి.

పనిలో ఆవిడకొక నియమం ఉంది. సీటు ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి. మనిషి కూర్చుంటే స్పాంజి అణుగుతుంది, కొలత తప్పుతుంది. కారు యజమాని సరదాపడి సీటెక్కినా సరే, చెయ్యి పట్టుకుని కిందికి దింపేస్తుంది.

ఇక నా సంగతి. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. సెలవు దొరికితే సైకిలెక్కి ఊళ్ళు పట్టుకు తిరుగుతాను. అలాంటిది నడుముకు ఆపరేషన్ అయింది. నెలల తరబడి మంచం మీదే. పైకప్పు చూస్తూ ఒకటే అనుకునేదాన్ని: లేచాక కొండదారి ఎక్కి, అవతలున్న సరస్సు దాకా ఒక్కదాన్నే సైకిల్ మీద వెళ్ళాలి. ఆ నెలల్లో నన్ను పక్కకు తిప్పింది, తల దువ్వింది, తిట్టి మరీ అన్నం తినిపించింది వదినే. నొప్పి లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా, నా మొహం ఒకసారి చూసి మాత్ర చేతిలో పెట్టేది.

కోలుకున్నాక డాక్టరు సైకిల్ తొక్కొచ్చన్నాడు. వీపు మీద సంచి మాత్రం వద్దన్నాడు, పెద్ద బరువులెత్తొద్దన్నాడు. నడుము కోసమని స్ప్రింగుల సీటు వేయించుకున్నాను. వెనక ఇనుప క్యారియర్ బిగించి అటూ ఇటూ సంచులు కట్టాను. తీరా చూస్తే మా ఇంటి గుమ్మం ముందున్న మెట్లే ఎక్కించలేకపోయాను. నాతో సైకిల్ తొక్కేవాళ్ళు "మేమూ వస్తాం, నీ సామాను పంచుకుంటాంలే" అన్నారు. మంచివాళ్ళే. కానీ నా బట్టలు ఇంకొకరు మోస్తే నేను పేషెంటుగా వెళ్ళినట్టే కదా. నా సామానుతో నేనే వెళ్తాను, లేదంటే అసలు వెళ్ళను అని భీష్మించుకు కూర్చున్నాను.

వదిన వచ్చి ఆ క్యారియర్ని ఎగాదిగా చూసింది. "నీ బట్టలు కాదే బరువు, వాటిని మోసే ఇనుము బరువు. పీకి అవతల పారెయ్. సంచులు నేను కుడతాను."

"నువ్వా? లారీ సీట్లలా కుడతావేమో!"

"వాటి మీద నువ్వు కూర్చోవుగా. నోరు మూసుకుని సైకిల్ ఇటు తే."

ఆ రోజు నుంచి ఇంట్లో విరిగిన గొడుగు ఒక్కటి మిగల్లేదు. గొడుగుల గుడ్డతో హ్యాండిల్ ముందు కట్టుకునే చుట్టలాంటి సంచి కుట్టింది. కార్ల మీద కప్పే కవరు ముక్కతో ఫ్రేము మధ్య ఇమిడే మూడు మూలల సంచి. సీటు కింద వేలాడే పొడుగు సంచికి పాత కార్ల సీటు బెల్టులే పట్టీలు. జిప్పులు బరువని, సంచి మూతిని మడిచి కట్టుకునేలా చేసింది. తర్వాత నా సామాను మీద పడింది. తువ్వాలు సగానికి కోసింది. దువ్వెన చూసి, "ఉన్న నాలుగు వెంట్రుకలకి ఇంత దువ్వెనా?" అని దాన్నీ విరిచింది.

"ఇంకాస్త ఊరుకుంటే చక్రాలు కూడా బరువని తీసేస్తుంది మీ వదిన" అన్నాడు అన్నయ్య. నేను దారిలో ఎక్కడెక్కడ ఆగాలో అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను. దానికీ ఒకటి అంటించాడు: "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

తూచడానికి వదిన దగ్గర కాటా లేదు. సామానంతా కట్టిన సైకిల్ని గుమ్మం మెట్ల మీదుగా ఎత్తమనేది. తను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేది. చూసేది సైకిల్ని కాదు, నా మొహాన్ని. కనుబొమ ముడిపడినా, పెదవి వంకరపోయినా "దించు" అనేది. సంచి విప్పి ఇంకొకటి తీసేసేది. "నువ్వు అబద్ధం చెప్తావు. నీ మొహానికి అది చేతకాదు" అనేది. చివరికి ఒకరోజు నేను ఎత్తాను, ఆవిడ తలూపింది.

మర్నాడే బయల్దేరాను. కొండ మొదట్లోనే వెనక నుంచి పరపరమని చప్పుడు. దిగి చూసేసరికి సీటు కింది సంచికి చెయ్యి పట్టేంత చిల్లు, నా పైజమా చక్రంలో చుట్టుకుపోయి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వానొకటి. కూరగాయల వ్యాను ఎక్కి ఇంటికొచ్చాను. సైకిల్ని గోడకు ఆనించి, "ఇక నాకొద్దు. నా పని అయిపోయింది" అన్నాను. ఏడుపు ఆపుకోలేదు కూడా.

వదిన ఓదార్చలేదు. చిల్లులోంచి చెయ్యి పోనిచ్చి వేళ్ళు ఆడించింది. సంచికీ చక్రానికీ మధ్య నాలుగు వేళ్ళు పెట్టి ఖాళీ చూసింది. ఖాళీ ఉంది, చక్రానికి ఎక్కడా తగలడం లేదు. అన్నయ్యని పిలిచి సైకిల్ పట్టుకోమంది.

"ఎక్కి కూర్చో" అంది నాతో.

ఎక్కాను. స్ప్రింగులు అణిగాయి, సంచి వెళ్ళి టైరు మీద వాలింది. వదిన ఇంకా నేల మీదే కూర్చుని ఉంది.

"ఖాళీ సీటు కొలిచాను" అంది మెల్లగా. "ఇన్నేళ్ళూ అందర్నీ దింపేసి కొలిచాను. నిన్నూ అలాగే దింపేశాను."

ఆవిడ తన తప్పు ఒప్పుకోవడం మేమెప్పుడూ వినలేదు. అన్నయ్య నోరు తెరిచాడు, మళ్ళీ బుద్ధిగా మూసుకున్నాడు. వదిన నన్ను మాత్రం దిగనివ్వలేదు. కొలత తీసినంతసేపూ కుక్కిన పేనులా సీటు మీదే ఉన్నాను. ఊగమంది, గతుకుల్లో పోయినట్టు ఎగిరి కూర్చోమంది, సుద్దముక్కతో గీతలు పెట్టుకుంది. కొత్త సంచిని పొట్టిగా, వెడల్పుగా కుట్టింది. కిందికి కుంగకుండా అడుగున పెయింటు బకెట్ మూత కోసి పెట్టింది. మళ్ళీ మెట్లు, మళ్ళీ నా మొహం, మళ్ళీ తలూపడం.

ఈసారి వెళ్ళాను. కొండ ఎక్కాను. దారిలో ఒకచోట కాలువ మీద నడక వంతెన, దానికి మెట్లు. ఎవరో పెద్దాయన "ఒక చెయ్యి వెయ్యనా అమ్మా" అన్నాడు. "వద్దండీ, నాకు తగ్గట్టే కుట్టారు" అని సైకిల్ ఎత్తుకుని దాటాను. సరస్సు ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నాకు నీళ్ళ కంటే ఆ సంచులనే చూడాలనిపించింది. ఇంత సంతోషం ఒక మనిషి నాకు కుట్టి ఇచ్చింది.

తిరిగొచ్చేసరికి వదిన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎలా జరిగిందని అడగలేదు. "ఎత్తు" అంది.

ఎత్తాను. నడుము కిమ్మనలేదు. కానీ ఎదురుగా ఆవిడ, మంచం పక్కన నిలబడి చూసినట్టే, ఊపిరి బిగబట్టి నా మొహం చూస్తోంది. నా కనుబొమలు ముడిపడ్డాయి, పెదవి వంకరపోయింది, కళ్ళు నిండిపోయాయి.

"దించు, దించు!" వదిన పరుగెత్తుకొచ్చి ఒక చేత్తో సైకిల్ పట్టుకుంది, రెండో చేత్తో సంచి విప్పుతోంది. "ఇంకా బరువుంది. నాకు తెలుసు. ఏం తీసేద్దాం, చెప్పు. ఆ సగం తువ్వాలు కూడా తీసేద్దామా?"

"ఏమీ తియ్యొద్దు వదినా. నొప్పి కాదు."

"మరెందుకే ఆ మొహం?"

తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

ఇప్పుడు వరండాలోంచి మళ్ళీ కేకేస్తోంది. హ్యాండిల్ ముందున్న చుట్ట సంచి పాతబడింది, కొత్తది కుడుతుందట. నేను సీటు మీద లేకుండా కొలత తియ్యదట. "ఆ రాతలు తర్వాత, ముందొచ్చి కూర్చో!" అంటోంది. వస్తున్నాను వదినా. ఆ రోజు నువ్వడిగినదానికే జవాబు రాస్తున్నాను.