ముత్యం గిట్ట మీద నల్ల ఉమ్ము

మా ఇంట్లో దయ్యం అన్న మాట ఎత్తితే అమ్మ చేతిలో ఏది ఉంటే దానితో కొట్టేది. మాది మూడు తరాలుగా బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు, మన దగ్గరికి రారు, అంతే. ఆ తర్వాత నేను చదివింది పశువుల డిప్లొమా. ఆవు కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చచ్చిన దూడను బయటికి లాగినదాన్ని. కళ్ళతో చూసి చేత్తో పట్టుకుంటే తప్ప దేన్నీ నమ్మను. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చీపురుపల్లికి దగ్గరలో ఒక ఊరి సచివాలయంలో నేను పశువుల అసిస్టెంటుని. డాక్టర్ని కాను గానీ ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. నాకు రోత ఎక్కువ. ఈ ఉద్యోగంలో ఉండి రోత ఏమిటని మా ఆయన నవ్వుతాడు. పేడ, రక్తం, చీము నాకు లెక్కలేదు. మనుషుల మురికే పడదు. బస్సు కిటికీలోంచి ఎవరైనా ఉమ్మితే ఆ పూట నాకు అన్నం దిగదు.

మా ఊళ్ళో సింహాచలం అనే అతను పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతాడు. తెల్ల ఆడగుర్రం, పేరు ముత్యం. బ్యాండు మోగితే కాళ్ళు ఎత్తి ఎత్తి ఆడుతుంది. జ్యేష్ఠమాసం పెళ్ళిళ్ళు అయిపోతున్న రోజుల్లో ఒక పొద్దున్న దాన్ని మా సచివాలయం ముందుకు తీసుకొచ్చాడు. కుడి ముందు కాలు నేలకు ఆనించడం లేదు. గిట్ట ఎత్తి చూస్తే అడుగున షామియానా మేకు దిగిన కన్నం, చుట్టూ ఊరిన నల్లటి చీము. ఆ కంపుకి పక్కన పింఛను కోసం కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

మేకు దిగి వారం అయిందట. ఆ వారంలో రెండు పెళ్ళిళ్ళు చేయించాడు. మందుల షాపులో నొప్పి ఇంజెక్షన్ కొని తనే పొడిచి ఊరేగింపులో ఆడించాడు. పెళ్ళికొడుకు స్నేహితులు దాని చేత ఇంకా ఇంకా ఆడించారట, నోట్లో లడ్డూలు కుక్కారట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇదంతా అతను సిగ్గు లేకుండా చెబుతుంటే నాకు చీము కంటే అతని మొహమే ఎక్కువ రోత పుట్టించింది.

పట్నం నుంచి పశువుల డాక్టరుగారు వచ్చి గిట్ట అడుగు చెక్కి చీము వదిలారు. లోతుగా పోయింది, నెలరోజులు పాక దాటి బయటికి రాకూడదు, పొడి నేల మీద ఉండాలి, రోజూ కట్టు మార్చాలి, దాణా తగ్గించి గడ్డి పెట్టాలి అన్నారు. సింహాచలం తల గోక్కున్నాడు.

"నెల్రోజులేటండి? ఆసాడం కాబట్టి సరిపోనాది. సావణం ముహూర్తాలకి ఇది నడవకపోతే నానేటి సేత్తాను? బైపాస్ మీద ఇడిసీడమే."

ఊరికే అన్న మాట కాదు. అంతకు ముందు అతని దగ్గరున్న ఎర్ర గుర్రం కాలు విరిగితే అలాగే వదిలేసి వచ్చాడు. మూడో రోజు లారీ గుద్దింది. దాన్ని నేను చూశాను. అందుకే ముత్యాన్ని ఎలాగైనా శ్రావణానికి నిలబెట్టాలని పంతం పట్టాను. అతను మధ్యలో ఎక్కడికీ తోలుకుపోకుండా మా ఇంటి గేటు తాళం తెచ్చి పాకకు వేశాను. ఆ తాళానికి రెండే చెవులు. రెండూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేవి.

పాక అంటే ఇటుక గోడలు, పైన రేకులు. ఒకటే తలుపు. ఎత్తులో ఒక వెంటిలేటరు, దానికి ఇనప జాలీ. పొద్దున్న ఎనిమిదింటికి నేను తాళం తీస్తే సింహాచలం భార్య నూకాలు నా ముందే పేడ ఎత్తి, గడ్డీ నీళ్ళూ పెట్టేది. నేను గోరువెచ్చని ఉప్పు నీళ్ళలో గిట్ట నానబెట్టి, మందు పెట్టి, పైన చంటిపిల్లల డైపరు చుట్టి టేపు వేసేదాన్ని. గుర్రం గిట్టకు డైపరంత బాగా కుదిరే కట్టు ఇంకొకటి లేదు. మందుల షాపు అతను మాత్రం డైపర్ల ప్యాకెట్టు ఇస్తూ బాబుకి ఎన్నో నెలమ్మా అని అడిగాడు. తర్వాత తాళం వేసి డ్యూటీకి పోయి, మధ్యాహ్నం ఒంటిగంటకు, మళ్ళీ సాయంత్రం వచ్చి చూసేదాన్ని.

అసలు చిక్కు వేరే దగ్గర వచ్చింది. ముత్యం పడుకోదు. పెళ్ళి గుర్రాల్ని వీళ్ళు పడుకోనివ్వరు. తెల్ల ఒళ్ళు మాసిపోతుందని, పడుకున్న గుర్రం మళ్ళీ లేవదని ఒక పిచ్చి నమ్మకం. పిల్లప్పటి నుంచి తాడు పై దూలానికి పొట్టిగా కట్టి, వంగితే కొడతారు. నేను తాడు విప్పేశాను, ఇసక పోయించాను, ఊక పరిపించాను. అయినా అది మూడు కాళ్ళ మీద వణుకుతూ అలాగే నిలబడేది. ఆరో రోజుకి ఎడమ కాలి గిట్ట, అంటే బరువంతా మోస్తున్న మంచి కాలిది, వేడెక్కింది. ఫోన్ చేస్తే డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. అది పడుకోకపోతే రెండో కాలు కూడా పోతుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు.

ఇక్కడ గున్నమ్మ గురించి చెప్పాలి. సింహాచలానికి మేనత్త. రెండేళ్ళ క్రితం వరకు గుర్రాల సాకుడంతా ఆమెదే. మా వైపు ముసలమ్మల్లాగే అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు కొస నోటి లోపల పెట్టుకుని. ఆ నల్లటి ఉమ్మునే గుర్రాల పుళ్ళ మీద ఉమ్మి వేలితో రాసేది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో అది చూసి వాంతి ఆపుకోలేకపోయాను. నలుగురి ముందు ఆమెను కడిగేశాను. ఈ ముసలామె జంతువుల దగ్గరికి వస్తే నేను వైద్యానికి రానని సింహాచలానికి చెప్పాను.

ఆమె కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, "నా ఉమ్ము నీకు రోతేటమ్మా. గుర్రానికి నేదు" అంది.

ఆ రోజు నుంచి ఆమెను పాకలోకి రానివ్వలేదు. నాలుగు నెలలకు చనిపోయిందని విన్నాను. నేను సరైన పనే చేశాను, పుండు మీద ఉమ్మకూడదు. కానీ ఆ చెప్పిన తీరు సరైనది కాదని అప్పుడే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం తాళం తీసేసరికి ముత్యం ఊకలో పడుకుని ఉంది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెల్ల డైపరు మీద రూపాయి బిళ్ళంత నల్లటి తడి. వంగితే చుట్ట వాసన.

ఎవరో జాలీలోంచి ఉమ్మారనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. స్పిరిటుతో తుడిచి, ఆ కట్టు విప్పి పారేసి, కొత్తది వేసి జాలీకి గోనెసంచి కొట్టించాను. మర్నాడు మళ్ళీ అది పడుకునే ఉంది, మళ్ళీ మరక. సింహాచలాన్ని నిలదీస్తే పిల్లల మీద ఒట్టేశాడు. ఆ వీధిలో అడ్డపొగ తాగే ముసలామె ఇంకొకరే మిగిలారు. ఆమె ఇంటికే వెళ్ళి అడిగాను.

"నడుం నేవక మంచం దిగనేకపోతన్నాను, నీ గుర్రం కాడికొచ్చి ఉమ్ముతానేటి" అని నన్నే చీవాట్లు పెట్టింది.

నాలుగు రోజులు ఇలాగే నడిచింది. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి, పదకొండింటికి పాకలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుని మూల స్టూలు మీద కూర్చున్నాను. రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది, అంతా స్పష్టంగా కనిపిస్తోంది. పన్నెండు దాటాక ముత్యం చెవులు తలుపు వైపు తిరిగాయి. తలుపు దగ్గర ఎవరూ లేరు. అది మెడ దించి, మోకాళ్ళు మడిచి, మెల్లగా పడుకుంది. తర్వాత దెబ్బ తగిలిన కాలు ముందుకు చాపింది. ఆ కాలు నేలకు ఆనలేదు. ఊకకు జానెడు ఎత్తున, ఎవరి ఒళ్ళోనో పెట్టినట్టు, కదలకుండా నిలిచింది. వణుకు లేదు. గుర్రం కళ్ళు మూసుకుంది. పడుకున్న గుర్రం ఒక కాలిని అలా గాల్లో అంతసేపు ఎత్తి ఉంచడం కుదరదు. అది నాకు చదువు చెప్పిన సంగతి.

చుట్ట వాసన నిండిపోయింది. గడియ తీసి బయట గోడ పక్కన వాంతి చేసుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, తలుపు నా ఎదురుగానే ఉంది. మళ్ళీ లోపలికి వెళ్తే కాలు ఊక మీదే ఉంది. డైపరు మీద మరక తడిగా మెరుస్తోంది.

భయం కంటే రోతే ఎక్కువ వేసింది. చచ్చినా వదలదా ఈ ముసలిది అని పైకే అన్నాను. స్పిరిటు సీసా మొత్తం ఒంపి తుడిచేశాను.

మర్నాడు ముత్యం పడుకోలేదు. మరక లేదు. ఆ మర్నాడూ లేదు. మూడో రోజుకి ఎడమ గిట్ట మళ్ళీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. గుర్రం తల గోడకు ఆనించి నిలబడింది. సింహాచలం గుమ్మంలోంచి చూసి, "ఇంకెందుకండి ఈ పాట్లు" అన్నాడు. సాయంత్రం ఆటో ట్రాలీ మాట్లాడతానన్నాడు. ఎక్కడికో నేను అడగలేదు.

అతను వెళ్ళాక తలుపు వేసుకున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను. నోటికి వచ్చింది ప్రార్థన కాదు. చిన్నప్పుడు వదిలేసిన మా ఊరి మాట వచ్చింది.

"ఇంక తుడవను మామ్మా. ఆ రోజు నలుగుర్లో నిన్ను అలా అనీకూడదు. నా మీద కోపం గుర్రం మీద సూపించకు. వచ్చి కూర్సో."

ఖాళీ పాకలో గుర్రానికి వినపడేలా ఇలా మాట్లాడాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. తాళం వేసి ఆఫీసుకి పోయి, ఒంటిగంటకు వచ్చాను. ముత్యం పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ చాపి, గురక పెట్టి నిద్రపోతోంది. డైపరు మీద మరక ఉంది. ముక్కు మూసుకుని దాని వంక చూశాను, ముట్టుకోలేదు. ట్రాలీ అతన్ని నేనే వెనక్కి పంపించాను.

ఆ తర్వాత లోపలి మందు మార్చినప్పుడల్లా మరక ఉన్న ముక్కను కత్తిరించి, కొత్త కట్టు పైన మళ్ళీ టేపుతో అంటించేదాన్ని. గ్లౌజులు వేసుకునే చేశాను, అది మాత్రం మానలేదు. ఎడమ గిట్ట చల్లబడింది. చీము ఆగింది. అడుగున కొత్త గిట్ట గట్టిగా వచ్చింది. శ్రావణం పుట్టిన నాలుగో రోజున డాక్టరుగారు దాన్ని పాక బయట నడిపించి చూసి, కట్టు ఎవరు కట్టారో గానీ చక్కగా కట్టారన్నారు. నేను కట్టానని చెప్పడానికి నోరు రాలేదు.

సింహాచలం మళ్ళీ పెళ్ళిళ్ళు ఒప్పుకుంటున్నాడు, కానీ లాడం వేయించకుండా, నేను చూడకుండా బయటికి తియ్యడు. తాళం ఇంకా నాదే. పొట్టి తాడు కట్టనివ్వను. ముత్యం రోజూ మధ్యాహ్నం పడుకుంటుంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కట్టు ఆఖరిసారి విప్పిన రోజు ఊకలో కూర్చుని దాని గిట్ట నా ఒళ్ళో పెట్టుకుని శుభ్రం చేశాను. అది బెదరకుండా కాలు ఇచ్చింది, కళ్ళు మూసుకుంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చుంటే నోరంతా చేదుగా, బూడిద నమిలినట్టుగా ఉంది. వెళ్ళి సింకులో ఉమ్మాను. నల్లగా పడింది. చుట్ట వాసన. నా జన్మలో నేను చుట్ట ముట్టలేదు, మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

తాళం చెవులు రెండూ ఆ నెలంతా నా దగ్గరే ఉన్నాయి. పాకలోకి వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే. ఆ నల్ల ఉమ్ము నాదేనేమోనని ఎన్నోసార్లు ఆలోచించాను. అలాగైతే గాల్లో నిలిచిన ఆ కాలు ఎవరి ఒళ్ళో ఉందో చెప్పలేను. ఎవరైనా చెబితే వింటాను. ఆ రోజు కొళాయి తిప్పి సింకు కడుగుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను, రోత పుడుతుందేమోనని. పుట్టలేదు.