ప్లిమత్‌లో దిగిపోయినవాళ్లు

ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడుతున్న రోజులవి. బోస్టన్‌లో ఇంకో ఇంటర్వ్యూ ముగించుకుని, బస్ స్టేషన్‌లో షూస్ విప్పేసి కూర్చున్నాను. న్యూయార్క్ బస్సు ఆలస్యమైంది. పక్కన ఒక పెద్దావిడ నారింజ ఒలుచుకుంటోంది. మాటల్లో తనది ఇంగ్లండ్‌లోని ప్లిమత్ అని చెప్పింది. ఇంగ్లండ్ నుంచి ఈ దేశానికి వచ్చిన తొలినాటి వలసదారుల ఓడ అట్లాంటిక్ దాటడానికి బయల్దేరిన రేవు అది.

"ఇక్కడికి దగ్గర్లోనే వాళ్లు వచ్చి దిగిన చోటు చూశారా?" అని అడిగాను.

"చూశాను. ఇక్కడ అందరూ వచ్చినవాళ్ల గురించే చెబుతారు. నిజానికి బయల్దేరినవి రెండు ఓడలు. ఒకదాంట్లోకి నీళ్లు వస్తుంటే మా రేవులో దాన్ని వదులుకున్నారు. కొందరు మిగిలిన ఓడలోకి సర్దుకున్నారు. కొందరు ఇక చాలనుకుని ఇంటికి వెళ్లిపోయారు."

"అయ్యో, పాపం," అన్నాను.

ఆవిడ వాచిన నా పాదాల వైపు చూసింది.

"పాపం ఎందుకమ్మా? అలసిపోయారు, అంతే," అని సగం నారింజ నా చేతిలో పెట్టింది.

బస్సు వచ్చింది. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. మళ్లీ మాట్లాడుకోలేదు. దారిలో మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎలా అయింది? డాలస్ కన్సల్టెన్సీకి కూడా రెజ్యూమె పంపించనా?"

"వద్దండీ. మన ఊరికి వెళ్లిపోదాం."

ఆయన ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది.

"సరే. ముందు ఇంటికి రా," అన్నాడు.

న్యూయార్క్ చేరేదాకా నిద్రపోయాను. అలాంటి నిద్ర పట్టి చాలా నెలలైంది.