బోన్లకు పసుపు పెట్టిన దసరా

మా ఆయన పాత బోన్లు పోగు చేస్తాడు. లోకంలో జనం నాణేలు దాచుకుంటారు, తపాలా బిళ్లలు దాచుకుంటారు. ఈయనకు ఎలుకల బోన్లు, నక్కల బోన్లు, పిట్టల ఉచ్చులు కావాలి. సూరత్ ఆదివారం సంతలో పాత ఇనుము గుట్టలుగా పోస్తారు. సెలవు రోజు లోకమంతా పడుకుంటే ఈయన ఆ గుట్టల్లో చేతులు పెట్టి దేవులాడేవాడు. మా సొంతూళ్లో ఈయన తండ్రి, మా మామ, మక్కజొన్న చేలకు కాపలా ఉండి అడవిపందులకు బోన్లు పెట్టేవాడట. ఆయన పోయాక వాటిని ఎవరో పాత ఇనుము కింద అమ్మేశారు. అప్పటి నుంచి ఈయనకు ఈ పిచ్చి పట్టుకుంది.

సూరత్‌లోనే వడోద్ అనే వాడలో మాది ఒక్క గది. మంచం కింద బోన్లు, అటక మీద బోన్లు. ఇనుప పళ్ల నక్క బోను బియ్యం డబ్బా పక్కన. మా ఇంట్లో ఎలుకలు కూడా ఉన్నాయి. వాటిని పట్టడానికి ఒక్క బోను ఇవ్వమంటే, "గవి పాతయే, పనికి పెట్టొద్దు" అంటాడు. నేను ఎలుకల మందు కొనుక్కొచ్చాను.

వాటిని తుడవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు డీజిల్‌లో నానబెట్టాలి. ఇత్తడి తీగల బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. ఆరాక మగ్గాలకు వేసే నూనె పలచగా పట్టించాలి. గరుకు కాగితం మాత్రం ముట్టనివ్వడు. "తుప్పు తియ్యాలె గని వయసు తియ్యొద్దు" అంటాడు. నా చీర కొంగుకు ఎప్పుడూ డీజిల్ వాసనే.

పోయిన ఎండాకాలం పాండేసరలో, తను పనిచేసే మగ్గాల షెడ్డులోనే, ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కుడి చెయ్యి కొన్నాళ్లకు కదిలింది కానీ మాట రాలేదు. "బోల్‌శే బెన్, బోల్‌శే" అన్నాడు గుజరాతీ డాక్టరు, మాట్లాడతాడమ్మా అని. ఎప్పుడో మాత్రం చెప్పలేదు.

మగ్గాల మోతలో బతికిన మనిషికి ఇంట్లో కూడా అరుపే అలవాటు. మంచినీళ్లడిగినా పక్కింటివాళ్లు తొంగిచూసేవాళ్లు. నోరు మూసుకోవయ్యా అని మొత్తుకునేదాన్ని. ఇప్పుడు గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఆ గొంతు ఇక వినకుండానే పోతానేమో అని భయమేసేది. ఆయన మాత్రం పొద్దంతా గుమ్మంలో కూర్చుని బోన్లు తుడుచుకునేవాడు.

దసరా వచ్చింది. మాది మగ్గాల ఇల్లు. ఆ రోజు కత్తెర మొదలు కత్తిపీట దాకా, పనిముట్టన్న ప్రతిదానికీ పసుపు కుంకుమ పడాల్సిందే. షెడ్డుకు పోని మనిషికి పనిముట్లేవి? ఈ బోన్లే కదా అనుకున్నాను. ఇదే వాడలో ఉండే మా బిడ్డ, ఇక్కడివాళ్లు దసరాకు తినే ఫాఫ్డా జిలేబీ తినిపిస్తానని వాళ్ల బాపును తీసుకుపోయి ఆ రాత్రికి అక్కడే ఉంచుకుంది. ఇంకేం, నాకు అడ్డెవరు?

నూనె మీద పసుపు నిలవదు. అందుకని అన్నిటినీ సబ్బు పొడి వేసి శుభ్రంగా కడిగాను. తడి పసుపు మందంగా పూశాను. నక్క బోను పళ్లకైతే ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాను. పెళ్లికూతురిలా ఉంది. దండం పెట్టుకుని పడుకున్నాను.

నూనె పోయిన ఇనుమును సూరత్ తేమ గాలి ఊరికే వదులుతుందా? తెల్లారి పసుపు కింద అంతా ఎర్రటి తుప్పు. తండ్రీబిడ్డలు అప్పుడే వచ్చారు.

"యే క్యా కియా మమ్మీ? గిట్ల చేసినవేందే!" అని బిడ్డ నెత్తి పట్టుకుంది.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. మెడ నరాలు పొంగాయి.

"అక్కల్... ఉందానే... నీకు?"

బుద్ధుందా అని పెళ్లయిన నాటి నుంచి వింటున్న ప్రశ్నే. అంత తియ్యగా ఎప్పుడూ లేదు. బిడ్డ వాళ్ల బాపును పట్టుకుని ఏడ్చింది. నేను పసుపు చేతులతోనే నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన మా ఇద్దరినీ దాటుకుని పోయి డీజిల్ డబ్బా తీశాడు.

అంతే. ఆ తర్వాత మళ్లీ మాట లేదు. చాయ్ కావాలా అంటే తల ఊపుడు, నీళ్లకు చేతి సైగ. బిడ్డ పాటలు పెట్టింది, పిల్లల బొమ్మల పుస్తకం తెచ్చి పేర్లు చెప్పమంది. ఆయన పుస్తకం మూసేసి బ్రష్ అందుకునేవాడు. తుప్పు మొత్తం వదిలించి, చివరికి నక్క బోను పని కూడా ముగించాడు. నూనె ఇంకా పట్టించలేదు. గుడ్డ మీద ఆరబెట్టాడు.

నేను చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశాడు. ఆయన కళ్లలోకి చూస్తూనే చెంబు వంచాను. ఇనుప పళ్ల మీద నీళ్లు ధారగా పడ్డాయి.

"తిట్టయ్యా," అన్నాను. "తిట్టు."

ఆయన బోనును లాక్కుని పొట్టకు అదుముకున్నాడు.

"ఓ... ది... దిక్కు..."

అక్కడ ఆగిపోయాడు. మాట ముందుకు రావడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దిక్కుమాలినదాన," అని నేనే అందించాను.

"ఆఁ," అన్నాడు. "గదే."