శుక్రవారం కదలని బ్యాటరీ ట్రక్కు

2004వ సంవత్సరం. అమలాపురంలో నేను ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టి అప్పటికి పదిహేనేళ్ళు. అంబాజీపేటలో కాయలోనే ఎండబెట్టిన కురిడీ కొబ్బరి వ్యాపారం చేసే సత్తిబాబు గారు ఒక పాత బ్యాటరీ ట్రక్కు కొన్నారు. ఏదో ఫ్యాక్టరీలో గోడౌన్ల మధ్య సరుకు మోసి మోసి అలిసిపోయిన బండి అది. డీజిల్ లేదు, పొగ లేదు. సీటు కింద రెండేసి వోల్టుల సెల్స్ ఇరవై నాలుగు, వెనక చదునైన బల్ల. కొట్టులోంచి లారీ దాకా బస్తాలు చేరవేయడానికి బాగా పనికొచ్చేది. మా చుట్టుపక్కల అలాంటిది అదొక్కటే కాబట్టి దాని రిపేరు నా నెత్తిన పడింది.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను అనుమానపు మనిషిని. వైరు అబద్ధం చెప్పదు, మనుషులే చెబుతారని నా నమ్మకం. నిన్నటిదాకా బాగానే ఉందండీ అనే ప్రతి డ్రైవరూ ఏదో దాస్తున్నాడనే అనుకునేవాణ్ణి. సగం సార్లు అది నిజమే అయ్యేది, దాంతో ఆ బుద్ధి ఇంకా ముదిరింది.

ఈ ట్రక్కు తంతు విచిత్రంగా ఉండేది. వారమంతా నడిచి, ఒక పొద్దున్న ఉన్నట్టుండి కదలదు. కబురందుకుని నేను బస్సెక్కి వెళ్ళేసరికి మధ్యాహ్నమయ్యేది. అప్పుడు తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు నడిచేది. సెల్స్ అన్నీ చూశాను, బాగున్నాయి. కాంటాక్టర్, అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్, దాని పాయింట్లు గీకి శుభ్రం చేశాను. బండి మీద నీళ్ళు పోసి కడుగుతున్నారా అని అడిగితే, చుక్క కూడా తగలనివ్వం అన్నారు అందరూ. ఇలా మూడుసార్లయింది. షాపుకొచ్చి నా పని పుస్తకం తిరగేస్తే ఆ మూడూ శుక్రవారాలే.

బండికి వారాలు తెలియవు, మనిషికే తెలుస్తాయి. అక్కడ నా అనుమానం డ్రైవర్ దావీదు మీద పడింది. అతనిది అల్లవరం అవతలి ఊరు, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటున్నాడు. నేనేం అడిగినా ఒకసారి యజమాని వైపు చూసి, "ఏమోనండి, తెలీదండి" అనేవాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పైగా ట్రక్కు వచ్చాక కొందరు హమాలీలకి పని తగ్గింది, వాళ్ళలో ఇతని బావమరిది ఒకడు. ఇంకేం కావాలి నాకు? సత్తిబాబు గారిని పక్కకి పిలిచి చెప్పాను.

"బండిలో లోపం లేదండి. ఎవరో కావాలని వైరు ఊడదీసి, నేనొచ్చేసరికి మళ్ళీ తగిలిస్తున్నారు."

ఆయనకి ఎవరో అర్థమైంది. వచ్చే శుక్రవారం కూడా ఆగిందంటే పనిలోంచి తీసేస్తానని దావీదుకి మొహం మీదే చెప్పేశారట.

ఆ శుక్రవారం ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకే వెళ్ళి, కొట్టుకి ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. దొంగని చేత్తో పట్టుకోవాలని నా ఉబలాటం. దావీదు వచ్చాడు. పొడిగుడ్డతో బండంతా తుడిచాడు. ఏ మూతా తియ్యలేదు, ఏ వైరూ ముట్టుకోలేదు. తుడిచి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు సత్తిబాబు గారు తలస్నానం చేసి పళ్ళెం పట్టుకుని వచ్చారు. బండికి బొట్టు పెట్టి, హారతిచ్చి, డ్రైవరు కాళ్ళు పెట్టుకునే ఇనపరేకు అంచు మీద కొబ్బరికాయ కొట్టారు. ఒక్క దెబ్బకి పగిలింది. నీళ్ళన్నీ రేకు మీద పడి పెడల్ కిందికి జారిపోయాయి. దావీదు ఎక్కి తాళం తిప్పాడు. బండి కదల్లేదు.

"ఇంక చాలు దావీదూ, తాళం ఇలా ఇచ్చెయ్యి" అన్నారు సత్తిబాబు గారు.

టీ గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తాను. పెడల్ బాక్స్ విప్పాను. కాలితో ఎంత నొక్కేరో కంట్రోలర్‌కి చెప్పే డబ్బా అది. మోటారుకి ఎంత కరెంటివ్వాలో కంట్రోలర్ చూసుకుంటుంది. తాళం తిప్పేటప్పటికే పెడల్ నొక్కి ఉన్నట్టు తోస్తే, ప్రమాదమని బండిని కదలనివ్వదు. పాత బండి, మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. లోపలంతా తడి, ఆ తడి కింద బంక, బంక నిండా చీమలు. కొబ్బరినీళ్ళలోంచి కరెంటు పారుతుంది, దాంతో ఎవరూ నొక్కకుండానే పెడల్ నొక్కినట్టు కంట్రోలర్‌కి తోచేది. మధ్యాహ్నానికి ఎండకి ఆరిపోతే బండి మామూలే. నీళ్ళు తగలనివ్వం అని వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. మా వైపు దేవుడికి కొట్టిన కాయలోని నీళ్ళని నీళ్ళ కింద ఎవరు లెక్కేస్తారు?

తుడిచి, ఆరబెట్టి, కొత్త రబ్బరు వేసి బిగించాను. బండి కదిలింది. సత్తిబాబు గారు "వచ్చే వారం నించి గుమ్మం దగ్గర కొడతాలెండి" అని నాతో అని, తాళం తీసుకెళ్ళి దావీదు చేతిలో పెట్టారు.

ఆయన వెళ్ళాక దావీదుని అడిగాను, నీకు ఒక్కసారీ అనుమానం రాలేదా అని.

"రెండో వారమే వచ్చిందండి."

"మరి చెప్పవేమయ్యా?"

"నేను చర్చికెళ్ళేవాణ్ణి కదండీ. బండికి కొబ్బరికాయ కొట్టొద్దని నేనంటే, ఆ మాట ఆయన చెవిలో ఎలా పడుతుందో మీరే చెప్పండి. పని పోతే ఇంకోటి ఎతుక్కుంటాను. పూజకి అడ్డుపడ్డాడన్న పేరొస్తే మాత్రం ఈ ఊళ్ళో నన్ను బండెవరు ఎక్కనిస్తారండి?"

నాకు సిగ్గేసింది. మొదటి రోజే ఆ డబ్బా విప్పాల్సింది నేను. అనుమానించడానికి మనిషి దొరికాడు కదా అని విప్పలేదు.

ఆ తర్వాత కూడా నా అనుమానపు బుద్ధి పోలేదు గానీ, ఏ బండి దగ్గరికెళ్ళినా ముందు డ్రైవర్ని యజమాని కంటికి దూరంగా తీసుకెళ్ళి, నువ్వు చెప్పలేకపోతున్నది ఏమన్నా ఉందా అని అడుగుతాను. చాలా రిపేర్లు అక్కడే సగం తేలిపోయాయి. దావీదు ఆ ట్రక్కు ఇంకా నాలుగేళ్ళు నడిపాడు. ఎప్పుడెళ్ళినా బెంచీ తుడిచి కూర్చోబెట్టి, ఆ రోజు మీరు రాకపోతే నా పని పోయేదండీ అనేవాడు. తీసేయమన్నంత పని చేసింది నేనేనని అతనికి ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.