వణుకు మొదలైన చోట గీత

మా మావయ్య పోయాడని మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయాడట. ఏడుపు వస్తూనే ఉంది గానీ, ఆయన గురించి నలుగురికీ చెప్పాలనే ఉబలాటం అంతకంటే ఎక్కువగా ఉంది.

నక్కపల్లి అవతల తీరంలో నలభై ఏళ్ళు చేపల వేట చేసి, మోకాళ్ళు మొరాయించాక అనకాపల్లిలో మా ఇంటికి వచ్చేశాడు. అప్పటికి నేనింకా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాను. వచ్చిన రోజే నేనేం చదువుతున్నానో చెప్పమన్నాడు. ఉత్తర ధ్రువం చుట్టూ ఆకాశంలో పచ్చటి వెలుగులు తెరల్లా ఆడతాయనీ, ఆ వెలుగు ధ్రువం వైపు ఎక్కడ ఆగిపోతుందో ఆ అంచుని రాడార్‌తో పట్టడమే నా పరిశోధన అనీ చెప్పాను. రాడార్ అక్కడెక్కడో ఉంటుంది, దాని ప్రతిధ్వనుల లెక్కలు నా లాప్‌టాప్‌కి వస్తాయి.

“కళ్ళతో సూత్తే కనపడదేటే?”

“మబ్బు పడితే కనపడదు మావయ్యా. పగలూ కనపడదు.”

“అయితే నీదీ వేటేనే అమ్మీ! నీటడుగున సేప మాకు మాత్రం కనపడతాదేటి?”

ఆ రోజు నుంచి నా పని ఆయన పనైపోయింది. ఏటి నీరూ సముద్రం నీరూ కలిసే అంచుని ఆయన గీత అనేవాడు. నా అంచుకీ అదే పేరు పెట్టాడు. రోజూ పళ్ళు తోముకుంటూ పెరట్లోంచి కేకేసేవాడు, “గీత దొరికిందేటే?” అని. పది రోజులు విన్న పక్కింటావిడ ఆగలేక గోడ దగ్గరికి వచ్చి, “ఆ పిల్ల ఎవులమ్మా? పోలీసులకి సెప్పేరా?” అని అమ్మని అడిగింది. మావయ్య నవ్వలేదు. “పోలీసులకి దొరికే రకం కాదమ్మా అది,” అన్నాడు గంభీరంగా.

నిజంగానే దొరకలేదు. ప్రతిధ్వని ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడే అంచనుకుని గీత గీశాను. ఉపగ్రహం తీసిన ఫొటోలో అంచు ఒకచోట, నా గీత ఇంకోచోట. నెలాఖరులోగా కుదరకపోతే వేరే అంశం తీసుకోమన్నారు మా గైడు మేడమ్. రెండేళ్ళ చదువు గంగపాలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున ముఖం వేలాడేసుకుని కూర్చుంటే మావయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. తెర మీద రెండు బొమ్మలున్నాయి. మొదటిది ప్రతిధ్వని బలం. రెండోదేమిటని అడిగాడు. ప్రతిధ్వని ఎంత చెదిరి వణుకుతుందో చూపిస్తుంది, అదంతా వట్టి గోల అని పక్కన పెట్టేశానన్నాను.

“వణుకుని పక్కన పెట్టేసేవా?” ఎప్పుడూ అరవని మనిషి అరిచాడు. “గీత కాడ నీటి రంగుని నమ్మకూడదే. రంగు గాలికి జరిగిపోద్ది. తెడ్డు దింపి సూడాల. ఇటేపు నిమ్మలంగా ఉంటాది, అటేపు సేతిలో వణుకుతాది. వణుకు మొదలైన సోటే గీత!”

వణుకుతో అంచుని పట్టడం లోకానికి కొత్త కాదు. పుస్తకాల్లో ఉన్నదే, నేనే చదివి దాటేశాను. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. సాయంత్రానికల్లా లెక్కంతా మార్చేశాను. మర్నాడు పొద్దున ఫొటో మీద నా గీత పెట్టి చూస్తే అంచు మీద అచ్చంగా కూర్చుంది! ఇంకో రోజుది చూశాను. అదీ కుదిరింది. నేను గెంతిన గెంతుకి అమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

మావయ్య బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు, మోకాళ్ళ సంగతే మర్చిపోయి. అప్పుడే వస్తున్న లెక్కలు తెర మీద పెట్టాను. తాడు కోతలతో గట్టిపడిన చూపుడువేలు గీత మీద ఆనించాడు. రెండు నిమిషాలకి బొమ్మ మారి గీత కొంచెం ఉత్తరానికి జరిగింది. వేలూ జరిగింది. మళ్ళీ మారింది, మళ్ళీ జరిపాడు. టిఫిన్‌కి రమ్మని అమ్మ పిలిస్తే, చప్పుడు చెయ్యొద్దని రెండో చెయ్యి ఎత్తాడు.

“వణుకు తెలుత్తందే అమ్మీ,” అన్నాడు మెల్లగా.

వణుకుతున్నది ఆయన వేలే. నేను చెప్పలేదు.